ఆరని గోడ

మా ఊళ్లో గోడలు కట్టేది మగవాళ్లు, వాటికి రంగులు వేసేది ఆడవాళ్లు. గోడ లేవగానే మగవాళ్లు పక్కకు తప్పుకోవాలి. తప్పుకోనివాణ్ణి మా మేనత్త అజుంపోక పేడచేత్తోనే తోసేసేది. మాకున్న రంగులు మూడే: నలుపు, ఎరుపు, తెలుపు. ఈ కథకు బొమ్మలు కూడా నన్నే వేయమని పుస్తకాలు అచ్చువేసే ఒకాయన మా రాజధాని అక్రా నుంచి వచ్చి, నీలం రంగు డబ్బా ఒకటి నా ముందు పెట్టాడు. వెనక్కి ఇచ్చేశాను. నీలంతో వేసే కథ కాదిది.

అప్పుడు నాకు పదమూడేళ్లు. పేరు అటిపోక. కోపం ముక్కు మీదే ఉండేది, ఇప్పటికీ అక్కడే ఉంది. నాన్న దక్షిణాన కోకో తోటల్లో పనికి పోయేవాడు. ఇంట్లో అమ్మ, నేను, ఐదేళ్ల చెల్లెలు అలార్బా, మా నాయనమ్మ అవింపోక. ఊళ్లో ఏ గోడ మెరిసినా అందులో నాయనమ్మ చెయ్యి ఉండేది.

ఆమె దగ్గర ఒక రాయి ఉండేది. కోడిగుడ్డంత ఉంటుంది, ముదురు ఎరుపు. వాగులో దొరికిన రాయే, కానీ ఆమె తల్లి, ఆ తల్లి తల్లి రుద్దీ రుద్దీ దాన్ని నున్నగా చేశారు. పచ్చిగా ఉన్న రంగు మీద ఆ రాయితో రుద్దితే గోడ నిగనిగలాడేది. రుద్దేటప్పుడు సర్ర్ సర్ర్ మని చప్పుడొచ్చేది. నేను ఆ చప్పుడు వింటూ పెరిగాను.

"ఈ రాయి నాకెప్పుడిస్తావు నాయనమ్మా?" అని అడిగాను ఒకసారి.

"నేను పోయాక నీకే వస్తుందిలే. నువ్వు వెతుక్కోనక్కర్లేదు, అదే వస్తుంది."

"అయితే నువ్వూ పోవద్దు, నాకు రాయీ వద్దు."

"నువ్వు వద్దంటే ఆగిపోతానేంటే, పిచ్చిమొహమా," అని నవ్వింది. పళ్లు మూడే ఉండేవి, అయినా నవ్వు నిండుగా ఉండేది.

వానలు వెనకబట్టి సజ్జ కంకులు ముదిరే రోజుల్లో ఆమె పోయింది. పొద్దున్నే నీళ్లు తాగి, చాప మీద పక్కకు తిరిగి, ఇక లేవలేదు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పోవడమేంటని చాలా రోజులు మనసులోనే ఆమెతో పోట్లాడాను.

ఆమె రాయి కూడా కనబడలేదు. చాప కింద, బూడిదలో, కోళ్లగూట్లో, అన్నిచోట్లా వెతికాం.

"రాళ్లకు కాళ్లొస్తాయా? ఇంట్లో ఉన్నది నువ్వేగా," అంది మేనత్త అమ్మతో.

"నాకెందుకు వదినా ఆ రాయి? నా గోడ ఎప్పుడు మెరిసింది కనక," అంది అమ్మ. ఆ మాట నిజమే. అమ్మ వంట బాగా చేస్తుంది, గోడ మాత్రం ఆవు నాకినట్టుంటుంది. ఆ రోజు నుంచి అత్త మా అమ్మ చేతి నీళ్లు తాగడం మానేసింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర ప్రతి ఆడమనిషికీ ఒక ఉట్టి ఉంటుంది. గదిలో దూలానికి వేలాడదీసి, అందులో తన సొరబుర్రలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటుంది. అన్నిటికన్నా పైన గుప్పెడంత చిన్న బుర్ర, మూతేసి ఉంటుంది. దాన్ని ఆమె తప్ప ఇంకొకరు తెరవరు. ఆమె ప్రాణం అందులో ఉంటుందంటారు. ఆమె పోయాక, పంటలింటికొచ్చి పెద్దకర్మ చేసే రోజున, ఇంటి ఆడవాళ్లందరి ముందూ గడప మీద ఆ చిన్న బుర్రను పగలగొడతారు. అప్పుడే ఆమెకు దారి తెరుచుకుంటుంది, పెద్దల్లో కలుస్తుంది. పగలగొట్టేవరకూ ఆమె ఇంట్లోనే ఉంటుంది.

ఇంట్లోనే ఉంటుంది అన్న మాట నాకు పట్టుకుంది. పగలగొట్టకపోతే సరి కదా అనుకున్నాను. పదమూడేళ్లకు నేను చాలా తెలివైనదాన్నని నా నమ్మకం.

పెద్దకర్మకు ముందు నాయనమ్మ గది గోడ కొత్తగా అలికి రంగులు వేయాలి. అత్త ఊళ్లో ఆడవాళ్లందర్నీ పోగుచేసింది. ఎర్రమట్టి, పేడ కలిపి తొక్కాం. ఆ ఏడే మొదటిసారి నాకు గోడలో భాగం ఇచ్చారు, వాకిలి పక్కన రెండు బారల మేర. అక్కడ నాయనమ్మ పొగాకు పెట్టుకునే చిన్న గూడు ఉండేది, నా మొలంత ఎత్తులో.

"ఆ గూడు మూసెయ్. గోడ నున్నగా రావాలి," అంది అత్త.

అందరూ జొన్న గంజి తాగడానికి చెట్టు కిందికి పోయారు. నేను గదిలోకి దూరాను. పెరట్లో తీగ నుంచి నాయనమ్మ బుర్రంతే ఉన్న చిన్న సొరబుర్ర ముందే కోసి, ఎండబెట్టి, మూత ఉన్నట్టు చుట్టూ గాటు గీసి, పొయ్యి మీద పొగపట్టించి నల్లగా చేసి ఉంచాను. దాన్ని ఉట్టిలో పెట్టి నాయనమ్మ బుర్ర తీశాను. బరువుగా ఉంది. ప్రాణానికి ఇంత బరువుంటుందా అనుకున్నాను. బుర్రను గూట్లో పెట్టి, ముందు మట్టి కొట్టి, అలికేశాను. ఆ చోటు మీదే ఉట్టి గీతలు గీశాను, ఒకదాన్నొకటి దాటిపోయే నల్లగీతలు, మధ్యలో తెల్లగళ్లు. నాయనమ్మ తన ఉట్టిలోనే ఉంటుంది, ఎవరూ దించలేరు అని సంబరపడ్డాను.

అత్త వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"పర్వాలేదు. మీ అమ్మ కన్నా నయం," అంది. అంతకు మించి పొగిడితే అత్తకు జ్వరం వస్తుంది. ఆ మాటకే నేను నాలుగు రోజులు ఒళ్లు మరిచి తిరిగాను.

పెద్దకర్మ రోజు అత్త ఉట్టి దించింది. చిన్న బుర్రను రెండు చేతుల్తో ఎత్తి గడప మీద వేసి కొట్టింది. ముక్కలైంది. లోపల్నుంచి సొరగింజలు చెల్లాచెదురుగా పడ్డాయి. నేను గింజల సంగతి ఆలోచించనే లేదు.

"మా అమ్మ బుర్రలో గింజలేంటి?" అంది అత్త నెమ్మదిగా. గింజల్ని గినీకోళ్లు వచ్చి తినబోయాయి, ముక్కు ఆనించి వదిలేసి పోయాయి. డప్పులు మోగాయి, ఏడుపులు ఏడ్చారు, జొన్నసారా తాగారు, పోయారు.

మూడో రోజు నుంచి మొదలైంది.

అది ఎడారి గాలి వీచే కాలం. దుమ్ముతో ఆకాశం తెల్లబడి, మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు వెలిసిపోయిన పళ్లెంలా కనబడతాడు. పెదాలు పగులుతాయి, తడిబట్ట ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. ఆ గాలిలో నాయనమ్మ గోడ మీద ఒకచోట తడి తేలింది, ఇక ఆరలేదు. నా ఉట్టి గీతల మధ్య, అరచెయ్యంత మేర, తడిగా మెరుస్తూ ఉంది. వేలు పెడితే ఎర్రమట్టి అంటింది.

"పేడ తక్కువేశావు," అంది అత్త. మళ్లీ అలికించి గీతలు వేయించింది. గోడ గట్టిపడేందుకు దవదవ చెట్టు కాయలు ఉడికించిన కషాయం చీపురుతో చల్లించింది. చుట్టూ గట్టిపడింది, ఆ చోటు మాత్రం ఆరలేదు. నాలుగు రోజులకు అది రెండు అరచేతులంత అయింది.

అప్పుడే అలార్బా అక్కడ కూర్చోవడం మొదలుపెట్టింది. పిల్లలందరూ ఆటలకు పోతే ఇది ఒక్కతే గోడకు చెవి ఆనించి కూర్చునేది. చెవంతా ఎర్రమట్టి.

"ఏం చేస్తున్నావే ఇక్కడ?"

"వింటున్నా అక్కా. నాయనమ్మ రుద్దుతోంది."

నేనూ చెవి పెట్టాను. గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత, చాలా లోపల్నుంచి, సర్ర్. కాసేపు ఆగి మళ్లీ సర్ర్. నాకు భయం వేయలేదు, సంతోషమైంది. నిజం చెబుతున్నాను కదా, దాన్నెందుకు దాచాలి? ఆమె పోలేదు, నేను పోనివ్వలేదు అనుకున్నాను. చెల్లెల్ని అక్కడే వదిలేసి నీళ్లకు వెళ్లిపోయాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత అలార్బా తిండి మానేసింది. అమ్మ సజ్జ సంకటి, వేరుశనగ పులుసు ముందు పెడితే చేత్తో పక్కకు జరిపేది.

"నాయనమ్మతో తిన్నాను."

"ఏం తిన్నావే?" అంది అమ్మ.

"మట్టి సంకటి. చల్లగా ఉంటుంది."

అమ్మ నా వైపు చూసింది. నేను పళ్లెం వైపు చూశాను. పిల్ల వారంలో సగమైంది. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వచ్చి కళ్లు చూసి, నాలుక చూసి, మందుబిళ్లలిచ్చింది. వెళ్లబోతూ దాని చెయ్యి తిప్పి చూసింది.

"ఇదేంటి, ఈ పిల్ల ఏం పని చేస్తుంది?" అని అడిగింది.

అలార్బా వేళ్ల కొనలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. గీత అన్నది లేదు. ఏళ్ల తరబడి గోడలు రుద్దిన ముసలివాళ్ల వేళ్లు అలా ఉంటాయి. ఐదేళ్ల పిల్లవి ఉండవు.

ఆ మధ్యాహ్నం నేను దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను. అది బరువే లేదు.

"నాయనమ్మ ఏమంటుందే నీతో?"

"దారి లేదంటోంది. తలుపు ఎవరో మూసేశారంట."

"ఇంకా?"

"ఒక్కదాన్నే కూర్చోలేకపోతున్నా అంటోంది. నువ్వు రా అంది. నేను సరేనన్నా." నిద్రమత్తులో ఉన్నట్టు మాట్లాడుతోంది. "అక్కా, లోపలికి పోవాలంటే నేను ఇంకొంచెం చిన్నదాన్నవ్వాలంట."

నాయనమ్మ అలా అడిగే మనిషి కాదు. బతికుండగా తన ముద్ద తీసి మా నోట్లో పెట్టేది. కానీ చీకట్లో ఒంటరిగా ఎన్నాళ్లు కూర్చోబెడితే మనిషి మనిషిగా ఉంటుంది? అలా కూర్చోబెట్టింది నేనే. అయినా ఆ రోజు నోరు విప్పలేదు. అత్త ఏమంటుందో, ఊళ్లో ఆడవాళ్లు ఇక జన్మలో నన్ను గోడ ముట్టుకోనిస్తారో లేదో అని భయం. చెల్లెలు కరిగిపోతుంటే నేను గోడలో నా వాటా గురించి ఆలోచించాను.

మర్నాడు మధ్యాహ్నం నేను నీళ్ల బిందెతో వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. దుమ్ములో పదడుగుల అవతల ఏముందో కనబడటం లేదు. మేకలు కూడా అరవడం లేదు. గోడ దగ్గరికి పోయాను. అలార్బా గోడకు వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది, కళ్లు మూసుకుని. తడి సరిగ్గా దాని చుట్టూ ఉంది. తల దగ్గర గుండ్రంగా, భుజాల దగ్గర వెడల్పుగా. కొలిచి గీసినట్టుంది.

"లార్బా, లే," అన్నాను. కదల్లేదు. చంకల కింద చేతులేసి లాగాను. రాలేదు. గోడ దాన్ని పట్టుకుని ఉంది. కాళ్లు గోడకు తన్నిపెట్టి బలమంతా పెట్టి లాగితే, బురదలోంచి కాలు లాగినప్పటి చప్పుడుతో ఊడి వచ్చింది. నా మీదే పడింది. వీపు చూశాను. మెడ నుంచి నడుం దాకా నల్లగీతలు, ఒకదాన్నొకటి దాటుతూ. నేను గీసిన ఉట్టి. తుడిస్తే పోలేదు.

అప్పుడు అరిచాను. అమ్మని, అత్తని, పక్కిళ్ల వాళ్లని, అందర్నీ పిలిచాను. ఆడవాళ్లు పరుగున వచ్చారు. అమ్మ పిల్లని లాక్కుని గుండెకు హత్తుకుంది.

"నాయనమ్మ బుర్ర నేను మార్చేశాను," అన్నాను. "మీరు పగలగొట్టింది పెరట్లో కాయ. అసలుది ఈ గోడలో ఉంది. గూట్లో పెట్టి అలికేశాను."

అత్త నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను.

"ఎందుకు చేశావే?"

"పోనివ్వడం ఇష్టం లేక."

అత్త ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది. "నాకు మాత్రం ఇష్టమై కొట్టాననుకున్నావా? నన్ను కన్నతల్లే ఆమె," అంది. కళ్లు తుడుచుకుంది. ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత మట్టి తవ్వే చిన్న పలుగు తెచ్చి నా చేతికిచ్చింది. "నువ్వు మూశావు, నువ్వే తెరువు."

నా గోడ. నేను మొదటిసారి వేసిన గోడ. ఉట్టి గీతల నడిమధ్యలో కొట్టాను. పచ్చిమట్టి ముద్దలుగా ఊడిపడింది. చెయ్యి లోపల పెట్టాను. గూడు నేను మూసినప్పటి కన్నా చాలా లోతుగా ఉంది. మోచేతి దాకా పోయింది, భుజం దాకా పోయింది. లోపల చలి. నా వేళ్లను ఏదో తాకింది, ముడతలు పడిన మెత్తని చెయ్యి లాంటిది. అది నా చేతిలో బుర్రను పెట్టి, వేళ్లు ఒక్కొక్కటిగా మూసి, వదిలేసింది.

బుర్ర బయటికి తీశాను. గడప దగ్గరికి నడిచాను. ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు.

"పేరు పెట్టి పిలువు," అంది అత్త. "పొమ్మని చెప్పు. నోటితో చెప్పాలి."

అమ్మ ఒళ్లో అలార్బా తల వేలాడుతోంది. పెదాలు తెల్లబడ్డాయి.

"అవింపోకా," అన్నాను. "నాయనమ్మా. ఇక నువ్వు వెళ్లు."

కొట్టాను. రెండు చెక్కలైంది. లోపల పాతగుడ్డ చుట్ట ఒకటి ఉంది. అది విడిపోయి, అందులోంచి ఎర్రరాయి దొర్లి, గడప దిగి, వచ్చి నా కాలి వేలికి తగిలి ఆగింది. వెతుక్కోనక్కర్లేదు, అదే వస్తుంది అంది కదా. నేను ఆమె మాట వినుంటే పెద్దకర్మ రోజునే వచ్చుండేది. అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపు అది.

"అమ్మా, ఆకలేస్తోంది," అంది అలార్బా వెనక నుంచి.

ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు. అమ్మ సంకటి కోసం పరుగెత్తింది. అత్త ఆ పూట అమ్మని నీళ్లడిగి తాగింది. క్షమించమని అనలేదు, అత్త అలాంటివి అనదు. గోడ మా కళ్ల ముందే ఆరిపోతూ వచ్చింది, అంచుల నుంచి లోపలికి. అలార్బా వీపు మీది గీతలు వెలిసిపోవడానికి రెండు నెలలు పట్టింది.

మూడో రోజు అత్త మట్టి తొక్కించింది. నన్ను ఇక గోడ దగ్గరికి రానివ్వరనుకుని దూరంగా నిలబడ్డాను.

"నిలబడి చూస్తావేంటి? పగలగొట్టింది ఎవరు అలుకుతారు, మీ నాన్నా?" అంది.

గూడు మూయలేదు. దాని చుట్టూ అలికి, రంగు వేసి, ఈసారి ఉట్టి కాకుండా పగిలిన బుర్ర ముక్కలు గీశాను. అందరూ గంజి తాగడానికి వెళ్లాక గోడకు చెవి ఆనించాను. చాలాసేపు విన్నాను. ఏ చప్పుడూ లేదు. ఇక ఎప్పటికీ ఉండదని తెలిసింది. రాయి తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. సర్ర్, సర్ర్.

కాసేపటికి గదిలోంచి అలార్బా గొంతు వినబడింది. "నాయనమ్మా, నువ్వేనా?"

రాయి ఆపాను.

"కాదు లార్బా," అన్నాను. "నేనే."